గుమ్మం వైపు మంచం

పాలియేటివ్ వార్డు,
క్యాన్సర్ ఆసుపత్రి

అమ్మా, నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. మీ తమ్ముడుగారు మా వార్డులో ఉన్నారు. కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేవారు, అక్కడ అందరూ ‘గంట’ అని పిలిచేవారట, ఆయనే. గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి మెడ దగ్గర గొట్టం అమర్చారు. ఊపిరి దాని గుండానే. మాట పూర్తిగా పోయింది. ఇప్పుడు జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది, తగ్గించే దారి ఇక లేదు. ఈ సంగతి ఆయనకు తెలుసు. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తారు.

నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. సోషల్ వర్కర్ని. మందు పనిచేయడం ఆగిపోయాక కూడా మనిషికి కావాల్సినవి చాలా ఉంటాయి. అవి కనుక్కోవడం నా పని. ఒకరికి ఇంటికి ఆక్సిజన్ సిలిండర్ కావాలి. ఒకరికి పిల్లలతో నిజం ఎలా చెప్పాలో తెలియాలి. ఇంకొకరికి పక్కన కూర్చునే మనిషి కావాలి, అంతే. నిలబడి అడిగితే ఎవరూ చెప్పరు కాబట్టి ఎక్కడికెళ్లినా కుర్చీ లాక్కుని కూర్చుంటాను. వార్డులో నన్ను కుర్చీ మేడం అంటారు.

మీ తమ్ముడుగారిని కూడా ఏం కావాలని అడిగాను. సుద్దముక్కను చాలాసేపు వేళ్ల మధ్య తిప్పి ‘అక్క’ అని రాశారు. భార్య పోయారు, పిల్లలు లేరు. మార్కెట్ వాళ్లు వచ్చి చూసి వెళుతుంటారు. మీ అడ్రసు ఆయనే రాసిచ్చారు. ఇదంతా మీకు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు.

ఒక్కసారి రాగలరా? మీతో రాజీపడాలని ఆయన కోరిక అని నాకు అనిపిస్తోంది. ఈ దశలో ఎవరైనా కోరుకునేది అదే కదా.

నమస్కారాలతో,
సోషల్ వర్కర్


కుట్టు షాపు

సోషల్ వర్కర్ గారికి,

మీ ఉత్తరం అందింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? వాడికీ నాకూ మాటల్లేక ముప్పై ఏళ్లు. మేమిద్దరం హాయిగానే ఉన్నాం.

చావు దగ్గరపడగానే మనిషికి బుద్ధి వస్తుందని మీకు ఎవరు చెప్పారు? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. వాడు రాజీ కోసం పిలుస్తున్నాడనుకుంటే మీరు వాణ్ణి ఎరగరు.

చెబుతాను వినండి. మా అమ్మకీ క్యాన్సరే, కడుపులో. నేనప్పుడు కాపురానికి వెళ్లిన దూరపు ఊళ్లో ఉన్నాను. వాడు అమ్మ దగ్గర ఉన్నాడు. జబ్బు పేరు అమ్మకు తెలియకూడదని వాడూ ఆ డాక్టరూ కలిసి నిర్ణయించారు. నాకేమో ‘ఒట్టి అల్సర్, నువ్వు రావద్దు, నువ్వు ఊడిపడితే అమ్మకి అనుమానం వస్తుంది’ అని రాశాడు. నేను నమ్మాను. అమ్మతో ఏం చెప్పాడో తెలుసా? అక్కకి తీరిక లేదట, రేపు వస్తుందట అని. రోజూ అదే. చివరికి నేను వచ్చేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. చివరి రోజు వరకూ అమ్మ గుమ్మం వైపే చూసిందని పక్కింటావిడ చెప్పింది.

అందరి ముందూ వాణ్ణి ‘నీ నోరు పడిపోను’ అన్నాను. మీ ఉత్తరంలో మాట పోయిందన్న చోట ఆగి, వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాను. పాపం అనిపించి కాదు. ఇన్నాళ్లకి నా మాట ఒకటి నెగ్గిందని. అయినా కడుపు నిండలేదు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తినేస్తోంది. అమ్మ నా గురించి చివరికి ఏమంది? తిట్టిందా, అడిగిందా, అసలు తలుచుకుందా? అది వాడొక్కడికే తెలుసు. ఆ రోజు అడిగితే ‘నోరు పడిపోయిన వాణ్ణి ఏం చెబుతాను’ అన్నాడు. అంతే, మళ్లీ నోరు విప్పలేదు.

నేను రాను. ఈ ఉత్తరం వాడికి ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించండి. ఫోన్ మాత్రం చేయకండి. ఫోన్లో అయితే రెండు మాటలకే తిట్టడం మొదలుపెడతాను, మీరు నొచ్చుకుంటారు.

వాడి అక్క


పాలియేటివ్ వార్డు

అక్కగారూ,

మీరు చెప్పినట్టే ఒక్క ముక్క వదలకుండా చదివాను. ‘నోరు పడిపోను’ అన్న చోట ఆయన మెడ మీది గొట్టాన్ని తడుముకుని, పలక మీద ‘అక్క మాట తప్పదు’ అని రాసి నాకు చూపించారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మీ ఇంట్లో జరిగింది నేను ఇక్కడ రోజూ చూస్తున్నాను. ‘ఆయనకి చెప్పకండి మేడం, తట్టుకోలేడు’ అని భార్యలు కారిడార్లో నా చెయ్యి పట్టుకుంటారు. లోపలికి వెళితే ఆయనేమో ‘మా ఆవిడకి తెలియనివ్వకండి’ అంటాడు. ఆ నాటకం చెడకుండా ఉండటానికి దగ్గరి వాళ్లనే దూరం పెడతారు. ఏడుపు ఆపుకోలేని వాళ్లను ముందుగా దూరం పెడతారు. ప్రేమతోనే చేస్తారు, అందుకే అది తప్పని ఒప్పుకోవడం వాళ్లకు కష్టం. ఆయన్ని సమర్థించడం లేదు. మీ బాధ నాకు అర్థమైందని చెబుతున్నాను.

మీ ఉత్తరం విన్నాక ఆయన ఒక పని చేయించారు. మంచం కిటికీ వైపు ఉండేది, దాన్ని గుమ్మం వైపు తిప్పించారు. ఆక్సిజన్ పైపు అందదని నర్సు గొణిగినా వినలేదు. ఇప్పుడు తలుపు చప్పుడైతే చాలు, తల ఎత్తి చూస్తున్నారు. మా వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక తెల్లబోర్డు ఉంటుంది, ‘ఈ వారం ఎవరు వస్తున్నారు’ అని. రోగులు దానికేసి చూసుకుంటూ రోజులు గడుపుతారు. ఆయన బోర్డు ఖాళీగా ఉంది.

మీ జవాబు కోసం చూస్తూ,
సోషల్ వర్కర్


కుట్టు షాపు

అమ్మాయీ,

నిన్ను మీరు అనడం మానేస్తున్నాను. నువ్వు నాకంటే చాలా చిన్నదానివని నీ రాత చూస్తేనే తెలుస్తోంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మనసు మార్చుకున్నాను. ఎంత కాదన్నా ఒక కడుపున పుట్టినవాళ్లం. వచ్చే శుక్రవారం వస్తాను. పొద్దున బస్సుకి బయల్దేరితే మీ విజిటింగ్ టైముకి అందుకుంటాను.

వాడికి తప్పకుండా చెప్పు. మాటల మధ్యలో కాకుండా, నీ కుర్చీలో కూర్చుని తీరిగ్గా చెప్పు. ఆ బోర్డు మీద కూడా పెద్ద అక్షరాలతో రాయించు. మంచం గుమ్మం వైపే ఉండనీ.

అక్క


పాలియేటివ్ వార్డు

అక్కగారూ,

మీరు క్షేమమేనా? శుక్రవారం మీరు రాలేదు. దారిలో ఏమైనా అయ్యిందేమోనని భయంగా ఉంది.

మీరు వస్తున్నారని చెప్పిన రోజు నుంచి ఆయన మనిషే మారిపోయారు. గడ్డం గీయించుకున్నారు. మెడ దగ్గర గొట్టం కనపడకుండా కండువా చుట్టమన్నారు, ఊపిరాడదని నర్సు పలచటి గుడ్డ కట్టింది. శుక్రవారం పొద్దుటి నుంచి కూర్చునే ఉన్నారు. మధ్యాహ్నం పడుకోమన్నా తల అడ్డంగా ఊపారు. విజిటింగ్ టైము అయిపోయాక, బోర్డు తుడవబోయిన ఆయాను ఆపి ‘బస్సు లేటేమో’ అని రాశారు.

ఇవన్నీ మిమ్మల్ని నొప్పించడానికి రాయలేదు. ఆయన కోపగించుకోలేదని చెప్పడానికే. ఎప్పుడు వీలైతే అప్పుడు రండి.

సోషల్ వర్కర్


కుట్టు షాపు

అమ్మాయీ,

ఏం చెప్పమంటావు. బయల్దేరే ముందు ఒక పెళ్లివారు ఊడిపడ్డారు, జాకెట్లన్నీ బిగుతయ్యాయని. వాళ్లను పంపేసరికి బస్సు వెళ్లిపోయింది. వచ్చే బుధవారం ఖాయం. ఈసారి ఒట్టు.

నువ్వు భలే రాస్తావు. కళ్లకు కట్టినట్టుంది. కానీ కొన్ని వదిలేశావు. వాడు కూర్చున్నంత సేపూ గుమ్మం వైపే చూశాడా, మధ్యలో కళ్లు మూసుకున్నాడా? ఎవరైనా లోపలికి వస్తే నేననుకున్నాడా? అనుకుని, కాదని తెలిశాక వాడి మొహం ఎలా మారింది? ఆ పూట జావైనా ముట్టాడా? అక్కని కదా, తెలుసుకోవాలని ఉంటుంది.

బుధవారం సంగతి వాడితో చెప్పు. అక్క ఒట్టు పెట్టిందని కూడా చెప్పు.

అక్క


పాలియేటివ్ వార్డు

అక్కగారూ,

బుధవారమూ గడిచింది.

మీరు అడిగినవి రాస్తున్నాను, మీకు తెలియడం మంచిదనే. జావ ముక్కులో ట్యూబు ద్వారా ఇస్తాం, ఆ పూట దాన్ని కూడా చేత్తో తోసేశారు. మీ వయసున్న ఒకావిడ పొరపాటున ఈ గదిలోకి తొంగి చూసింది. ఆయన లేవబోయారు. ఆవిడ ‘అయ్యో, ఇది కాదు’ అని వెళ్లిపోయింది. ఆయన చాలాసేపు దుప్పటి అంచు మడతలు పెడుతూ ఉండిపోయారు. ఆ తర్వాత దగ్గు తెర వచ్చింది, మందు మోతాదు పెంచాల్సి వచ్చింది.

అక్కగారూ, వస్తానని చెప్పి రాకపోవడం కన్నా రానని చెప్పడమే ఆయనకు తేలిక. రోగికి అబద్ధం చెప్పకూడదన్నది మా పనిలో పట్టుబట్టి నేర్పే సంగతి. మీ మాట ఆయనకు చేరేది నా నోటితో. ఈసారి రోజు చెప్పేటప్పుడు ఒక్కసారి ఆలోచించండి.

సోషల్ వర్కర్


కుట్టు షాపు

అమ్మాయీ,

కాళ్లు వాచాయి. డాక్టరు మంచం దిగొద్దన్నాడు, అందుకే రాలేకపోయాను. ఇప్పుడు నయం. వచ్చే సోమవారం వస్తాను. ఈసారి నువ్వు వాడికి ఖాయంగా చెప్పొచ్చు.

ఆ తొంగిచూసిన ఆవిడ సంగతి మళ్లీ రాయవా? లేవబోయాడన్నావు. ఎంతవరకు లేచాడు?

అక్క


పాలియేటివ్ వార్డు

అక్కగారికి,

మీ ఉత్తరం అందగానే మీరు వద్దన్న పని చేశాను. మీ షాపుకి ఫోన్ చేశాను. కాళ్ల వాపుతో మంచం పట్టారన్నారు కదా, కంగారు పడ్డాను. మీ దగ్గర పనిచేసే అమ్మాయి ఎత్తింది. ‘అమ్మగారికేం? నిక్షేపంలా ఉన్నారు. కొలతలు తీసుకుంటున్నారు, పిలవమంటారా?’ అంది. ఊరికి వెళ్లే పని ఉందా అంటే, అలాంటిదేమీ లేదంది. నేను ఆసుపత్రి నుంచి అనగానే ఆ అమ్మాయి గొంతు సంతోషపడింది. ‘మీ ఉత్తరం వచ్చిన రోజు మా అందరికీ టీ ఇప్పిస్తారండీ’ అంది.

ఫోన్ పెట్టేసి మీ ఉత్తరాలన్నీ వరుసగా చదివాను. ఎంత మూర్ఖురాలిని నేను. ఆయన ఎలా కూర్చున్నారు, జావ ముట్టారా లేదా, మొహం ఎలా మారింది. ఒక మనిషి బాధను చెంచాలతో కొలిచి మీకు పోస్టు చేశాను. మీరు దాన్ని టీతో పాటు తాగారు. మీ అమ్మగారు గుమ్మం వైపు చూసినట్టే ఆయన్నీ చూడనివ్వాలనుకున్నారు. దానికి నన్ను వాడుకున్నారు. నాకు చాలా కోపంగా ఉంది. ఇలా రాయడం మా ఉద్యోగంలో పద్ధతి కాదు. అయినా రాస్తున్నాను.

ఆయనకు నిజం చెప్పాను. కుర్చీలో కూర్చుని, తీరిగ్గా, మీరు చెప్పమన్నట్టే. మీ అక్కగారు రారు, కావాలనే ఎదురుచూడనిస్తున్నారు అని. విరిగిపోతారనుకున్నాను. ఆయన నవ్వారు. శబ్దం రాదు కదా, భుజాలు ఊగాయి, గొట్టంలోంచి గాలి ఈలలా వచ్చింది. పలక మీద ‘తెలుసు’ అని రాశారు. ఆ శుక్రవారం నుంచే తెలుసట. మరి ఎందుకు చూశారని అడిగితే, ‘నన్ను ఏడిపించడానికైనా తలుచుకుంటోంది కదా’ అని రాశారు.

ఆ తర్వాత మంచం మళ్లీ కిటికీ వైపు తిప్పించారు. బోర్డు మీద మీ పేరు తుడిపించారు. మీకు రాయమని రెండు సంగతులు చెప్పారు. ఒకటి, ఇక ఎదురుచూడటం లేదు, మీరు వచ్చినా లోపలికి రానివ్వొద్దు. ఎవరిని చూడాలో వద్దో చెప్పే హక్కు మా వార్డులో రోగిది. దాన్ని కాపాడటం నా పని, కాపాడతాను. రెండు, అమ్మ చివర్లో మీ గురించి ఒక మాట అందట. అది ఆయనతోనే పోతుందట. ఇది రాయడం అవసరమా అని అడిగాను. ఆయన దాని కింద గీత గీశారు.

సోషల్ వర్కర్


కుట్టు షాపు

ఎదురుచూడటం మానడానికి వాడెవడు?

వాణ్ణి ఎప్పటిదాకా కూర్చోబెట్టాలో నేను చెప్పాలి. ఆ మాట నాది. మా అమ్మ నా గురించి అన్నది నాకు చెందుతుంది, వాడు దాన్ని పట్టుకుపోవడానికి వీల్లేదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి అటు నుంచి అటే బస్సెక్కుతున్నాను. ఉత్తరం ముందు చేరుతుందో నేనే ముందు చేరతానో. పెళ్లివారి జాకెట్లు పెళ్లివారే కుట్టుకోనీ.

గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పి ఉంచు.


మీ ఆసుపత్రిలోనే,
వార్డు బయట బెంచీ

అమ్మాయీ,

నిన్న నువ్వు వచ్చి ‘ఆయన వద్దంటున్నారు’ అన్నప్పుడు నీ మొహం చూశాను. ఎంత చిన్నపిల్లవు. నీతో ఎదురుగా మాట్లాడితే నాకు కోపం నిలవదు. అందుకే ఆయా చేత ఈ చీటీ పంపుతున్నాను. రాసుకుందాం, అదే మనకు అలవాటు.

వాడితో చెప్పు. నేను ఇక్కడే కూర్చున్నాను. వాడు పిలిచేదాకా కదలను. రాత్రికి మీ రోగుల బంధువుల హాల్లో పడుకుంటాను, తెల్లారగానే మళ్లీ ఈ బెంచీ మీదే.

అక్క


వార్డు లోపలి నుంచి

అక్కగారూ,

చెప్పాను. మీరు వచ్చారని విన్నాక ఆయన మంచం మళ్లీ గుమ్మం వైపు తిప్పమన్నారు. పలక మీద ‘రేపు’ అని రాశారు. మీకు చెప్పమన్నారు.

నేను మధ్యలో అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. లోపలికి పంపనా అని పొద్దున అడిగాను, మధ్యాహ్నం అడిగాను. ‘రేపు’ అనే రాశారు. బెంచీ గట్టిగా ఉందా అని కూడా అడిగారు. చెక్క బెంచీ అని చెబితే తృప్తిగా తల ఊపారు.

నిజం చెప్పాలంటే, ఆయన ఇంత హుషారుగా ఉండటం నేను చూడలేదు. నొప్పి మందు అదే మోతాదు, కానీ అడగడం తగ్గించారు. తలుపు కింద సందులోంచి మీ చెప్పులు కనిపిస్తున్నాయట. వాటినే చూస్తున్నారు.

సోషల్ వర్కర్


బెంచీ

అమ్మాయీ,

చెప్పులు కనిపిస్తున్నాయా? అయితే కాళ్లు పైకి పెట్టుకున్నాను. ఇప్పుడు ఏం చూస్తాడో చూడమను.

వాడికి ‘రేపు’ అన్న మాట ఎక్కడిదో నాకు తెలుసు. అమ్మతో రోజూ చెప్పింది అదే. ఇప్పుడు నాకు చెబుతున్నాడు. చెప్పనీ. బెంచీ పరుపులా మెత్తగా ఉందని చెప్పు. అబద్ధం చెప్పకూడదంటావు కదా, నేను అన్నానని చెప్పు, అది నిజమే అవుతుంది.

పక్కన ఒకతను కూర్చుంటాడు, భార్య లోపల ఉంది. ‘మీవాళ్లు ఎవరమ్మా లోపల’ అని అడిగాడు. ‘మా శత్రువు’ అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా తన టీలో సగం పోసిచ్చాడు.

అక్క


వార్డు లోపలి నుంచి

అక్కగారూ,

మీరు కాళ్లు పైకి పెట్టుకున్నారని చెప్పగానే గొట్టం ఈల వేసింది. నర్సు పరిగెత్తుకొచ్చింది, ఊపిరి అందడం లేదేమోనని. నవ్వుతున్నారని తెలిసి విసుక్కుంది.

కానీ దాచను. ఈ రోజు డాక్టరు చూశారు. ఎక్కువ నిద్రలోనే ఉంటున్నారు. మేలుకున్నప్పుడు రాత వంకరపోతోంది. నేను కుర్చీ దగ్గరకు జరుపుకుని, ‘ఇక రేపు లేకపోవచ్చు, మీకు తెలుసు కదా’ అని అడిగాను. తెలుసని తల ఊపారు. ‘అక్కని పిలవనా’ అన్నాను. సుద్దముక్క పట్టుకోలేకపోయారు. చూపుడువేలు పైకెత్తి, ముందుకి ఊపారు. అది ‘రేపు’ అని మీకు చెప్పక్కర్లేదు.

మీరే ఒక మాట అనండి అక్కగారూ. క్షమించమని కాదు, క్షమించానని కాదు. ఏదో ఒకటి. మీ మాటగా లోపలికి మోసుకెళతాను.

సోషల్ వర్కర్


బెంచీ

ఏమీ లేదు. ఇక్కడే ఉన్నానని చెప్పు. అంతే.


పాలియేటివ్ వార్డు

అక్కగారూ, నమస్కారం.

మనిషి పోయిన తర్వాత కొన్ని వారాలకు కుటుంబానికి రాయడం కూడా మా పనిలో భాగమే. ఎలా ఉన్నారు? నిద్ర పడుతోందా? షాపు తెరుస్తున్నారా? కొందరు ఈ ఉత్తరానికి జవాబు రాయరు. రాయకపోయినా తప్పులేదు.

ఆ పొద్దున మీరు హాల్లో మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడే ఆయన పోయారు. ఆయన వద్దన్న మాట ఆయన ఊపిరితో అయిపోయింది కాబట్టి, మీరు రాగానే నేనే తలుపు తీశాను. మీరు ఏడవలేదు. చొక్కా మూడో బొత్తాం ఊడి ఉందని సూదీ దారం అడిగారు. మా దగ్గర కుట్లు వేసే సూదులే తప్ప బట్టల సూది లేదు. ఆయా తన సంచిలోంచి ఇచ్చింది. మీరు వంగి బొత్తాం కుట్టి, దారం పంటితో తెంచి, ‘ఇక తీసుకెళ్లండి’ అన్నారు. మా నర్సులు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు.

ఒక విషయం మీకు ఆ రోజు చెప్పలేదు. చెప్పే వేళ కాదనిపించింది. ముందు రోజు సాయంత్రం ఆయనకు కాస్త తెలివి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని పలక అడిగారు. చాలా కష్టపడి రాశారు, మధ్యలో నేను మోచెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. మీ అమ్మగారు చివర్లో మీ గురించి అన్న మాట. అది ఒక్క వాక్యమే. చదివి తలూపాను. ఆయన చేత్తోనే తుడిచేశారు. ఆ తర్వాత ‘నేను పోయాక చెప్పు’ అని రాశారు. ‘ఇప్పుడే చెప్పనా, ఆవిడ అవతలే ఉన్నారు’ అన్నాను. వద్దన్నారు. ‘అడిగితేనే చెప్పు’ అని కూడా రాశారు.

మీతో పోట్లాడినప్పుడు, మీకు ఆ మాట ఎప్పటికీ అందకూడదని ఒక క్షణం నాకూ అనిపించింది. ఇప్పుడు అలా లేదు. మీరు ఇన్నేళ్లుగా అడుగుతున్నది నా దగ్గర ఉంది. ఉత్తరంలో రాయమంటారా, వచ్చి వింటారా? ఎలాగంటే అలా.

మీ మేలు కోరే,
సోషల్ వర్కర్


కుట్టు షాపు

అమ్మాయీ,

షాపు తెరుస్తున్నాను. నిద్ర పడుతోంది. ఆకలి కూడా వేస్తోంది. నువ్వు అడిగినవన్నీ అయ్యాయి.

నీ ఉత్తరం వచ్చిన రోజు మా అమ్మాయిలు టీ వస్తుందని మిషన్లు ఆపి కూర్చున్నారు. ఇప్పించాను. అలవాటు తప్పించడం ఎందుకని. నేను మాత్రం తాగలేకపోయాను.

నేను వాణ్ణి క్షమించానని నువ్వు అనుకుంటున్నావేమో. లేదు. వాడూ నన్ను క్షమించలేదు. గుమ్మం బయట కూర్చోబెట్టి పోయాడు. గెలిచింది వాడే, నేను ఒప్పుకుంటాను. ఎదురుచూడటం అంటే ఏమిటో ఆ బెంచీ మీద నాకు తెలిసింది. మా అమ్మకు ఎలా ఉండి ఉంటుందో తెలిసింది. వాడికి ఎలా ఉండి ఉంటుందో కూడా తెలిసింది, అది తెలియకుండా ఉంటే బాగుండేది. పగ తీర్చుకుంటే చల్లగా ఉంటుందంటారు. నేను షాపులో ఒక్కదాన్నే కూర్చుని, కుట్టిందే విప్పి మళ్లీ కుడుతున్నాను. వాడి మీద కోపంతోనే ముప్పై ఏళ్లు లేచాను, పనిచేశాను, పడుకున్నాను. ఇప్పుడు పొద్దున్నే లేస్తే తిట్టడానికి మనిషి లేడు. నాకు వాడు కావాలి. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు.

ఇక ఆ మాట సంగతి. ఉత్తరం చదవగానే చెప్పమని రాద్దామని కార్డు తీసుకున్నాను. ‘రాయి’ అన్న ముక్క కూడా రాశాను. తర్వాత చింపేశాను.

వద్దమ్మా. రాయకు. నేను వచ్చి అడిగినా చెప్పకు, బతిమాలినా చెప్పకు. అమ్మ నన్ను తిట్టినా, తలుచుకున్నా, అది వినేస్తే వాడికీ నాకూ చెల్లుకు చెల్లు అయిపోతుంది. వాడు చెప్పాలనుకున్నది చెప్పేసి, చేతులు దులుపుకుని హాయిగా వెళ్లిపోతాడు. వాణ్ణి అలా వెళ్లనివ్వను. చెప్పాల్సింది గొంతులో పెట్టుకుని అక్కడెక్కడో కూర్చుని ఉండనీ.

నువ్వు మాత్రం మరిచిపోకు. నాకూ వయసొచ్చింది. ఏదో ఒక రోజు నేనూ ఇలాంటి మంచం మీద పడుకుంటాను, ఎవరో ఒకరు వచ్చి ఏం కావాలని అడుగుతారు. అప్పుడు నీకు కబురు చేస్తాను. వచ్చి, ఆ ఒక్క వాక్యం నా చెవిలో చెప్పు.

అప్పటిదాకా వాడు ఎదురుచూడాల్సిందే.

అక్క